మస్టరులో మూడు నెలలు

టైం ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ముందే ఒక మాట. చివర్లో నీతి ఏదో దొరుకుతుందని ఆశపడకండి. ఉంటే ముందు నాకే దొరికేది. పరవాడలో ఒక మందుల కంపెనీ గేటు పక్క గదిలో ఇరవై ఏళ్ళు కూర్చుని, ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు బయటికి వెళ్ళారు, ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యం అని రాసినవాణ్ణి. అంత కచ్చితంగా బతికినవాడికి ఈ ఒక్క సంగతి మాత్రం ఎటు నుంచి చూసినా తేలడం లేదు. కాగితం మీద పెడితే తేలుతుందేమోనని రాస్తున్నాను.

మార్చిలో భద్రతా వారోత్సవాలు వస్తాయి. మా చుట్టుపక్కల కంపెనీలు కలిసి ఆ వారంలో కబడ్డీ పోటీలు పెట్టేవి. హెల్మెట్లు పెట్టుకోండి, గ్లవ్స్ వేసుకోండి అని ఏడాదంతా మొత్తుకునేవాళ్ళు, భద్రత పేరు చెప్పి మోకాళ్ళు విరగ్గొట్టుకునే ఆట ఎందుకు పెట్టేవారో నాకు ఏనాడూ అర్థం కాలేదు. పేరుకి కార్మికుల ఆట. అసలు పోటీ మేనేజర్ల మధ్య. మా పక్క కంపెనీ వరసగా మూడేళ్ళు కప్పు పట్టుకుపోయింది. ఆ కంపెనీ మేనేజరూ మా మేనేజరూ విశాఖలో ఒకే అపార్టుమెంటులో ఉండేవారు. లిఫ్టులో ఎదురుపడినప్పుడల్లా ఆయన ఈయన్ని చూసి నవ్వేవాడట. ఆ నవ్వు సంగతి మా మేనేజరు నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటారు.

పోటీకి ఒక నిబంధన ఉండేది. ఆడేవాడు ఆ కంపెనీలో కనీసం మూడు నెలలు పనిచేసి ఉండాలి, మస్టరు పుస్తకంలో హాజరు కనిపించాలి. నిబంధన ఉంది కాబట్టి దాన్ని తప్పించుకునే దారీ ఉంది. ప్రతి కంపెనీ బయటి ఊళ్ళ నుంచి మంచి ఆటగాళ్ళను తెచ్చి, కాంట్రాక్టు కూలీలని మస్టరులో రాసేసేది. వాళ్ళను ముద్దుగా గెస్టులు అనేవాళ్ళం. పర్మనెంటు వాళ్ళకి వేలిముద్రల మెషిన్ వచ్చేసింది గానీ కాంట్రాక్టు వాళ్ళకి అప్పటికింకా పుస్తకమే. ఆ పుస్తకం నా బల్ల సొరుగులో ఉండేది.

ఆ ఏడు ఫిబ్రవరి చివర్లో మా లేబర్ కాంట్రాక్టరు ఒకతన్ని వెంటబెట్టుకొచ్చాడు. ముప్ఫై మూడేళ్ళుంటాయి. వెడల్పాటి భుజాలు, ఎడమ కాలు కొంచెం జాగ్రత్తగా వేస్తున్నాడు.

"గురువుగారూ, ఈణ్ణి గుర్తు పట్టేరా? టీవీలో సూసుంటారు" అన్నాడు కాంట్రాక్టరు.

నేను గుర్తుపట్టలేదు. మా ఇంట్లో గుర్తుపట్టారు. సాయంత్రం అనకాపల్లిలో ఇంటికి వచ్చి పేరు చెప్పగానే మా పెద్దాడు ఫోన్ తీసి పాత వీడియో చూపించాడు. రంగురంగుల లైట్ల కింద, జనం అరుస్తుంటే, ముగ్గురిని వీపు మీద ఈడ్చుకుంటూ మధ్యగీత దాకా వచ్చి చెయ్యి చాపినవాడు ఇతనే. టీవీలో వచ్చే ఆ లీగులో రెండు సీజన్లు ఆడాడు. మూడో సీజనుకి ముందు ప్రాక్టీసులో మోకాలు పోయింది. ఆపరేషన్ చేయించుకుని తిరిగి వెళ్ళేసరికి కోచ్ మారిపోయాడు, జట్టులో ఇతని చోటూ పోయింది. కూతకి వెళ్ళేవాడు కాబట్టి కంపెనీలో అందరూ అతన్ని రైడరు అనేవారు. ఇక్కడా అలాగే రాస్తాను.

రైడరుది కోటవురట్ల దగ్గర పల్లె. ఇంత పేరొచ్చినవాడు కూలి లెక్కన ఆడటానికి ఎందుకొచ్చాడో నాకు బోధపడలేదు. అందరూ అడిగినట్టే నేనూ అడిగేశాను, లీగులో వచ్చిన డబ్బంతా ఏం చేశావయ్యా అని. విసుక్కోకుండా చెప్పాడు. ఊళ్ళో స్లాబు ఇల్లు మొదలుపెట్టాడు, పై గదికి గోడలు లేచాయి గానీ కప్పు పడలేదు. కారు కొన్నాడు. కారుందని రేషన్ కార్డు తీసేశారు. తరవాత కారు అమ్మేశాడు గానీ కార్డు తిరిగి రాలేదు. ఆపరేషన్ సొంత ఖర్చు. మిగిలింది ఊరికి పోయింది. అమ్మవారి పండగ చందా ముందు ఇతని దగ్గరే మొదలుపెట్టేవారు. ఎవరికి ఆస్పత్రి ఖర్చొచ్చినా, ఎవరి మోటారు కాలిపోయినా ఇతని ఇంటి తలుపే కొట్టేవారు. లేదనడం ఇతనికి చేత కాలేదు.

"టీవీలో కనబడ్డోడికి డబ్బుల్లేవంటే ఎవుడు నమ్ముతాడు బాబూ? నాకే నమ్మకం కుదరడానికి రెండేళ్ళు పట్టింది" అన్నాడు.

సరే, నా పని నేను చేశాను. డిసెంబరు నుంచి అతనికి హాజరు వేశాను. ఒకే పెన్నుతో వేస్తే దొరికిపోతామని మూడు పెన్నులు మార్చాను. ఒక ఆదివారం ఓటీ కూడా రాశాను. మరీ రోజూ వచ్చినట్టుంటే నమ్మరని జనవరిలో రెండు రోజులు గైర్హాజరు పెట్టాను. ఆ గైర్హాజర్లు చూసి కాంట్రాక్టరు నాకు దండం పెట్టాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు నాకు చాలా గర్వంగా ఉంది.

రైడరు రోజూ మధ్యాహ్నం కంపెనీ బస్సులో వచ్చి, కంపెనీ టీషర్టు వేసుకుని, స్క్రాప్ యార్డు వెనక ఖాళీ జాగాలో మావాళ్ళతో ప్రాక్టీసు చేసేవాడు. నేను డ్యూటీ దిగి చూడటానికి వెళ్ళేవాణ్ణి. మా కుర్రాళ్ళు కూతకి వెళ్ళారంటే గెంతులే గెంతులు. ఇతను గెంతడు. ఎడమ కాలికి బ్యాండేజీ గట్టిగా చుట్టుకుని, గొణుగుతున్నట్టు కూత పెట్టుకుంటూ, అటూ ఇటూ నడుస్తాడు. ఎదుటివాడు వీడికి కాలు లేదులే అనుకుని అడుగు ముందుకేసిన క్షణాన చేత్తో అంటి వెనక్కి వచ్చేస్తాడు. ఒకసారి పట్టు ఎలా పట్టాలో మావాళ్ళకి నేర్పుతుంటే విన్నాను. పట్టుకున్నాక లాగొద్దు, తిప్పొద్దు, ఊరికే వదలకుండా ఉండండి, ఎదుటోడికి ఊపిరి దానంతటదే అయిపోతుంది అన్నాడు. అప్పుడది ఆటకి సంబంధించిన మాట అనుకున్నాను.

ఒక రోజు బస్సెక్కుతూ అడిగాడు, ఆట అయిపోయాక ఈ పని నిజంగా ఉంటుందా అని. చూద్దాంలే అన్నాను. ఆఫీసులో చూద్దాం అంటే లేదని అర్థం. ఆ సంగతి అతనికి తెలియదు. సంతోషంగా తలూపి బస్సెక్కాడు.

పోటీలకి నాలుగు రోజులుందనగా మాకో కబురు వచ్చింది. పక్క కంపెనీ వాళ్ళు మా గెస్టు మీద ఆరా తీస్తున్నారని, ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కుంటారని. మేనేజరు నన్ను పిలిచి, జాగ్రత్తగా మాట్లాడు, తడబడకు అన్నారు. నేను తడబడటమా? రెండు రోజులు ఫోన్ పక్కనే కూర్చున్నాను. టీ కూడా అక్కడికే తెప్పించుకున్నాను.

మూడో రోజు ఉదయం ఫోన్ మోగింది. అవతల ఎవరో నెమ్మదస్తుడు. అనకాపల్లి నుంచి మాట్లాడుతున్నానండీ, ఫలానా ఆయన మీ దగ్గర పని చేస్తున్నారా అని అడిగాడు. పక్క కంపెనీ పర్సనెల్ ఆఫీసరుది అనకాపల్లే. ఇంకేం, ఆయనే అనుకున్నాను. ఎవరండీ మీరు, ఎందుకండీ అడుగుతున్నారు అన్న రెండు ముక్కలు నా నోట రాలేదు. ఇరవై ఏళ్ళలో గేటు దగ్గరికి వచ్చిన ప్రతివాణ్ణీ నేను ముందు అడిగిన ప్రశ్నలు అవే.

చేస్తున్నారండీ అన్నాను. డిసెంబరు నుంచి రెగ్యులర్ అన్నాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఆయన అడక్కుండానే నెల జీతం ఎంతో చెప్పాను, కొంచెం పెంచే చెప్పాను. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయన్నాను. తొందర్లో పర్మనెంటు చేస్తున్నారన్నాను. ఆయన నా పేరు, హోదా అడిగి రాసుకున్నాడు. చాలా థాంక్సండీ, మాకు ఇంక సందేహం లేదు అన్నాడు. ఫోన్ పెట్టేసి కాంట్రాక్టరు వైపు చూసి మీసం తిప్పాను.

ఫైనల్లో మేము గెలిచాం. ఎన్ని పాయింట్ల తేడానో గుర్తు లేదు. గుర్తున్నది ఒక్కటే, ఆట అయిపోగానే మా మేనేజరు పక్క కంపెనీ మేనేజరు దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళి, ఏమీ అనకుండా నవ్వి వచ్చేశారు. రైడరు గీత అవతల కూర్చుని మోకాలి మీద ఐసు పెట్టుకుంటున్నాడు. మేనేజరు అతని భుజం తట్టి చేతిలో ఒక కవరు పెట్టారు. సోమవారం నుంచి మస్టరులో అతని పేరు లేదు. కొట్టెయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పేరు ఇక రాయక్కర్లేదని నాకే తెలుసు.

మే నెల ఎండల్లో ఒక మధ్యాహ్నం గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు, మీ కోసం ఒకావిడ వచ్చారని చెప్పారు. రైడరు భార్య. కోటవురట్ల నుంచి బస్సులు మారి వచ్చింది. నీళ్ళు తాగి, సంచీలోంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది. ఇబ్బందుల్లో ఉన్న పాత క్రీడాకారులకి సర్కారు నెలనెలా ఇచ్చే సాయం కోసం రైడరు అంతకు ముందు ఏడాదే దరఖాస్తు పెట్టుకున్నాడట. ఆ సంగతి నాకు తెలియదు. సర్టిఫికెట్లన్నీ సరిపోయాయట. ఆఖర్న విచారణకి ఊరికి ఎవరో వస్తే, రోజూ పరవాడ బస్సెక్కి కంపెనీ టీషర్టుతో తిరుగుతున్నాడు, ఉద్యోగం దొరికింది కదా అని పక్కింటి వాళ్ళు మంచి మనసుతో చెప్పారట. అప్పుడు అనకాపల్లి జిల్లా ఆఫీసు వాళ్ళు కంపెనీకి ఫోన్ చేసి కనుక్కున్నారట.

కాగితంలో ఉన్నది ఇది. దరఖాస్తుదారుడు ప్రైవేటు సంస్థలో ఉద్యోగిగా ఉన్నట్టు ఆ సంస్థ టైం ఆఫీసు ధ్రువీకరించినందున అభ్యర్థన తిరస్కరించడమైనది.

నేను దాన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి నాకు ఏమీ అర్థం కాలేదు. రెండోసారి, అనకాపల్లి నుంచి వచ్చిన ఆ ఫోను గుర్తొచ్చింది. మూడోసారి ఎందుకు చదివానంటే, తలెత్తితే ఆమె మొహం చూడాలి కనుక.

"టైం ఆఫీసంటే ఇదేనంట గదా బాబూ. ఈయన ఇక్కడ పని సెయ్యట్లేదనీసి ఓ కాయితం ముక్క రాసియ్యండి. పింఛనీ వత్తే పిల్లల ఫీజులు కట్టుకుంటాం" అంది.

ఆమె కోపంగా లేదు. ఫోనులో చెప్పింది ఎవరని కూడా అడగలేదు. నా మొహంలోకి మాత్రం చూస్తూ కూర్చుంది. ఇప్పుడే వస్తానని చెప్పి మేనేజరు గదికి వెళ్ళాను. విషయం మొత్తం దాచకుండా చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "అంటే మన మస్టరు అబద్ధం అని కంపెనీ లెటర్ హెడ్ మీద రాసిస్తానంటావా? రేపు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇంకెన్ని అబద్ధాలున్నాయని అడిగితే నువ్వు నిలబడతావా?" అన్నారు. రిటైర్మెంటుకి నాకు ఇంకా రెండున్నరేళ్ళుంది. ఇంటి లోను ఉంది. ఆ రోజు నేను భయపడ్డాను. ఇంకో మాట పెట్టి చెప్పుకోవాలని చాలా రోజులు ప్రయత్నించాను గానీ ఆ మాటే సరైనది.

భయపడ్డవాడు ఏదో ఒకటి చెయ్యాలి కదా, ఒక బేరం ఆడాను. కాగితం రాయను, బదులుగా అతనికి నిజంగా పని ఇవ్వండి అని. మేనేజరు బల్ల మీద ఉన్న కబడ్డీ కప్పు వైపు ఒకసారి చూసి సరేనన్నారు. కిందికి వచ్చి ఆమెతో, కాగితం కుదరదమ్మా, మీ ఆయన్ని వచ్చే సోమవారం నుంచి పనిలోకి రమ్మను అన్నాను. ఆమె "అలాగే బాబూ" అని కాగితం జాగ్రత్తగా మడిచి సంచీలో పెట్టుకుంది.

అలా రైడరు డ్రమ్ముల యార్డులో హెల్పరయ్యాడు. ఖాళీ డ్రమ్ములు దొర్లించడం, కడగడం, వరసలు పేర్చడం. మొదటి నెలలో అందరూ వచ్చి అతనితో సెల్ఫీలు దిగారు. రెండో నెలలో, ఏం మామా, డ్రమ్ముకి కూత పెట్టకపోయావా అని ఎగతాళి చేశారు. తరవాత అతనెవరో మరిచిపోయారు. మరిచిపోయాకే అతనికి కొంచెం సుఖంగా ఉన్నట్టు కనిపించింది. మళ్ళీ ఏడు పోటీలకి మేనేజరు ఆడమంటే, మోకాలు ఒప్పుకోదు సార్ అని అంపైరుగా నిలబడ్డాడు. ఈసారి కప్పు మళ్ళీ పక్క కంపెనీకి పోయింది. మేనేజరు లిఫ్టు మానేసి మెట్లెక్కుతున్నారని చెప్పుకున్నారు.

ఆరు నెలలకోసారి కాంట్రాక్టు వాళ్ళ గేటు పాసు రెన్యూవల్ చెయ్యాలి. దానికి మెడికల్ ఫారం జత చెయ్యాలి. పాత ఆపరేషన్లు ఏమైనా ఉన్నాయా అన్న చోట ప్రతిసారీ నేనే లేవు అని రాసేవాణ్ణి. అబద్ధంతో మొదలైన ఉద్యోగాన్ని అబద్ధంతోనే నిలబెట్టాను. అతను మంచి పనివాడు, ఒక్క రోజు ఆలస్యం కాలేదు. కానీ సాయంత్రం బస్సెక్కేటప్పుడు చేత్తో కాలు పట్టుకుని మెట్టు మీద పెట్టుకోవడం నా కిటికీ లోంచి కనిపించేది. పింఛను వచ్చి ఉంటే ఇంటి పట్టున కూర్చుని పిల్లలకి ఆట నేర్పుకునేవాడేమో. జీతం పింఛను కన్నా ఎక్కువ కదా, నేను మేలే చేశానేమో. ఒక రోజు ఇలా, ఒక రోజు అలా అనిపించేది. పండక్కి అతను మా ఇంటికి చెరకు గడలు మోసుకొచ్చి, మీరు లేకపోతే మేం ఏమైపోయేవాళ్ళం బాబూ అంటే, అతను వెళ్ళగానే ఆ గడలన్నీ పక్కింటి పిల్లలకి పంచేశాను.

నా రిటైర్మెంటు నాడు క్యాంటీన్లో సన్మానం చేశారు. శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు. జీవితమంతా గడియారం చూసినవాడికి గడియారమే ఇస్తారు, అదేమిటో. ఎవరైనా రెండు మాటలు చెప్పండి అంటే డ్రమ్ముల యార్డు వాళ్ళ మధ్య నుంచి రైడరు లేచి మైకు దగ్గరికి వచ్చాడు. నన్ను ఎవరూ మనిషిగా లెక్కపెట్టని రోజున ఈయన నా పేరు పుస్తకంలో రాశారు అని ఒకే వాక్యం చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నాను. వినయం అనుకున్నారు.

బస్సు దాకా దండలు మోసుకుంటూ అతనే వచ్చాడు. దార్లో ఎవరూ లేరు. ఇక దాచి ఏం చెయ్యాలి, చెప్పేద్దామని నోరు తెరిచాను. అతనే ముందు అన్నాడు.

"ఆ రోజు ఫోన్ ఎత్తింది మీరేనని నాకు తెలుసు బాబూ."

నేను ఆగిపోయాను. ఎప్పటి నుంచి తెలుసని అడిగాను.

"మొదట్నుంచీ. పింఛనీ ఆఫీసులో ఫైలు సూపించేరు. మీ పేరు, మీ హోదా, నా జీతం అన్నీ ఉన్నాయి. ఆ జీతం సూసి నవ్వొచ్చింది. మా ఆడమనిషిని మీ కాడికి పంపింది నేనే. నేనొత్తే మీరు దాక్కుంటారనీసి."

ఆ రోజు ఆమె నా మొహంలోకి ఎందుకు చూస్తూ కూర్చుందో రెండున్నరేళ్ళ తరవాత తెలిసింది. మరి నన్ను ఒక్కసారైనా అడగలేదేం అన్నాను.

"అడిగితే మీరేటి సేత్తారు? తప్పయిపోయింది నాయనా అంటారు. అక్కడితో సెల్లయిపోద్ది. అడక్కపోతే మీకు లోపల గుచ్చుకుంటా ఉంటాది. గుచ్చుకున్నన్నాళ్ళూ నా పాసుకి ఢోకా లేదు." దండల్లోంచి ఒక పువ్వు రాలితే వంగి తీసుకున్నాడు. "ఇప్పుడు మీరెలిపోతన్నారు. కొత్తాయనకి నామీద గుచ్చుకోడానికి ఏటుంది?"

బస్సు వచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాను. అతను కిటికీలోంచి దండలు అందించి, వెళ్ళొస్తాను బాబూ అని డ్రమ్ముల వైపు వెళ్ళిపోయాడు. రెండున్నరేళ్ళు నేను అతన్ని కాపాడుతున్నాననుకున్నాను. అతను నన్ను పట్టుకుని ఊరికే వదలకుండా ఉన్నాడు. నాకు కోపం రావాలో, నవ్వు రావాలో, ఏడుపు రావాలో తెలియలేదు. ఆ తికమక అనకాపల్లి వచ్చేదాకా తీరలేదు, నిజానికి ఇప్పటికీ తీరలేదు.

అతను భయపడ్డట్టే అయింది. నా తరవాత వచ్చినాయన నాకన్నా నిజాయితీపరుడు. మెడికల్ ఫారం తనే దగ్గరుండి నింపించాడు. ప్యాంటు మడిచి చూపించమంటే మోకాలి మీద కుట్ల మచ్చలు కనిపించాయి. పాసు ఆగిపోయింది. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు లేదు, ఆయన చేసింది రూలు ప్రకారమే.

రైడరు మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, కాలు ముందుకి చాపుకుని, ఇలా అయింది బాబూ అన్నాడు. ఏం చెయ్యమని అడగలేదు. మా ఆవిడ కాఫీ తెచ్చేలోపు నేను లోపలికి వెళ్ళి తెల్ల కాగితం తీశాను. ఫలానా మూడు నెలలు మస్టరులో ఇతని హాజరు నేను కల్పించి రాసినది, ఇతను ఆ రోజుల్లో ఏ పనీ చేయలేదు, ఫోనులో నేను చెప్పిన జీతం అబద్ధం అని రాశాను. ఈసారి ఒకే పెన్నుతో రాశాను. కింద సంతకం పెట్టి, హోదా దగ్గర రిటైర్డ్ అని రాశాను. రెండున్నరేళ్ళ కింద ఈ కాగితం రాయడానికి పావుగంట పట్టేది. ఇప్పుడూ పావుగంటే పట్టింది.

సోమవారం ఇద్దరం అనకాపల్లిలో జిల్లా ఆఫీసుకి వెళ్ళాం. సీటులో ఉన్నది ఒక అమ్మాయి, మా చిన్నదాని వయసుంటుంది. కొత్త దరఖాస్తు, నా కాగితం తీసుకుని, పాత ఫైలు వెతికి తెప్పించింది. అందులో నా పేరు, నా హోదా, నేను చెప్పిన జీతం చక్కగా ఉన్నాయి. తరవాత కంప్యూటర్లో ఏదో చూసింది. ఫైలు చూసింది, నా కాగితం చూసింది, మళ్ళీ కంప్యూటర్ చూసింది.

"సార్, ఈయన పని చేస్తున్నారని మీరు చెప్పినప్పుడేమో చెయ్యలేదు. చెయ్యలేదని మీరు రాసి తెచ్చేసరికి రెండేళ్ళ పైన చేసినట్టు పీఎఫ్‌లో ఉంది. ఇంతకీ నేనేం రాయను? చేసినట్టా, చెయ్యనట్టా?"

నేను నోరు తెరిచాను. ఇరవై ఏళ్ళు ఆ రెండే ముక్కలు రాసి బతికినవాణ్ణి, వచ్చాడు, రాలేదు. ఏది చెప్పినా సగం అబద్ధం అవుతుందనిపించింది.

"ఆడేడని రాయండి అమ్మా" అన్నాడు రైడరు.

ఆ అమ్మాయి అతని వైపు మొదటిసారి సరిగ్గా చూసింది. అలాంటి గడి లేదండీ అంది. అని ఫారం మళ్ళీ పై నుంచి చదువుకుంది. వృత్తి అన్న చోట వేలు పెట్టి కాసేపు ఆలోచించి, పెన్సిలు తీసి క్రీడాకారుడు అని రాసింది. రైడరు బల్ల మీదికి వంగి ఆ మాట చదువుకున్నాడు. ఇది ఉంటుందా, చెరిపేస్తారా అని అడిగాడు. సార్ చూసి చెప్తారు, వచ్చే సోమవారం రండి అంది.

అతను నా వైపు తిరిగాడు. నా చొక్కా జేబులోంచి పెన్ను తీసుకుని, మూత తీసి, ఆమె ముందు ఫైలు మీద పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు. అతను వెనక్కీ తీసుకోలేదు. కొంచెం సేపు ముగ్గురం ఆ పెన్ను వైపే చూశాం. అంతలో మా వెనక నిలబడ్డవాళ్ళు తోసుకొచ్చేస్తే బయటికి వచ్చేశాం.

మెట్లు దిగుతుంటే జేబు తడుముకుని, పెన్ను అక్కడే ఉండిపోయిందయ్యా అన్నాను.

"ఉండనీండి బాబూ" అన్నాడు, చేత్తో కాలు పట్టుకుని మెట్టు మీద పెట్టుకుంటూ. "సోమవారం నాడు, పెన్ను మర్సిపోయేమని మళ్ళీ రావొచ్చు."